సున్నా గాయాల ఇల్లు

నోయిడా ఆఫీసులో నా పని దెబ్బలు లెక్కపెట్టడం. యమున ఒడ్డు పొలాల్లో పనిచేసే కుటుంబాలకు ప్రతి సోమవారం ఫోన్ చేసి, పోయిన వారం గాయమై పని ఆగిందా అని అడిగి కంప్యూటర్లోకి ఎక్కించాలి. గాయమంటే ఏమిటో ఫారంలోనే ఉంది: పని మూడు రోజులు ఆగితే గాయం, ఆగకపోతే కాదు. ఇంజినీరింగ్ చదివినవాణ్ణి కనుక ఈమాత్రం అర్థమయింది. గాయం నమోదైన ఇంటికి, గడ్డి కత్తిరించే మిషనుకు బిగించుకునే ఇనుప మూత ఉచితంగా పంపేవాళ్లం.

ఒక ఇంటి నుంచి నాలుగు నెలలుగా సున్నాయే వస్తోంది. రాజమండ్రి నుంచి వచ్చిన మా సార్‌కి ముచ్చటేసింది.

"వెళ్లి చూసి రావయ్యా. ఏం జాగ్రత్తలు పడుతున్నారో రాసుకొస్తే మిగతావాళ్లకి చెబుదాం."

వెళ్లాను. పాక ముందు మంచం మీద కూర్చున్న ఇంటాయన కుడిచేతికి కట్టు ఉంది. రెండు వేళ్లు ఉండవలసిన చోట కట్టు కాస్త ముందే అయిపోయింది. జాగ్రత్తల సంగతి అడగబోయి మానుకున్నాను.

"నెలయింది. మిషను లాగేసింది," అన్నాడాయన.

"మరి ప్రతి సోమవారం ఫోన్ చేస్తున్నానుగా?"

ఆయన భార్య మిషన్లోకి గడ్డి దోపుతూనే జవాబిచ్చింది.

"పని ఆగిందా అని అడిగావు భయ్యా. ఆగలేదన్నాను. ఈయన పడ్డ మర్నాడే నేను నిలబడ్డాను."

అక్కడ పొలం, గేదెల పని మనిషికి ఇవ్వరు, ఇంటికి ఇస్తారు. ఒకరు పడితే ఇంట్లో ఇంకొకరు ఆ చోట నిలబడాలి. చోటు ఖాళీ అయితే పని ఇంకో ఇంటికి పోతుంది. మా ఫారం కూడా ఇంటినే లెక్కపెడుతుంది. ఇల్లు ఒక్కపూట కూడా పని మానలేదు. ఎవరూ అబద్ధం ఆడలేదు.

ఆమె వేళ్లు కత్తులకు జానెడు దూరంలో ఆడుతున్నాయి. లెక్కపెట్టాను. పదీ ఉన్నాయి.

"మూత కావాలా దీదీ?"

"ఇస్తే వద్దంటానా? ఏం చెయ్యాలి?"

"మీరు ఒక మూడు రోజులు పని ఆపితే..." అన్నాక నేనేమంటున్నానో నాకే వినిపించింది.

"అచ్ఛా. ఆ మూడు రోజులూ గడ్డి నువ్వు కోస్తావా?"

నా చేతులు ఒకసారి చూసుకుని ఆఫీసుకు వచ్చేశాను.

సార్ అంతా విన్నారు.

"సున్నా అంటే దెబ్బ తగల్లేదనేగా?"

"తగిలింది సార్."

"మరి సున్నా ఎందుకేశావు?"

"పని ఆగలేదు సార్."

"అయితే తగల్లేదు."

చివరికి ఆయనే దారి చెప్పారు: ఆ మనిషిని విడిగా ఒక ఇల్లుగా రాసెయ్యి. ఆ ఇంట్లో ఒక్కడే, కాబట్టి పని ఆగినట్టే. కంప్యూటర్ ఒప్పుకుంది. చూస్తుండగానే నేను ఒక కాపురాన్ని రెండు చేశాను. మూత మంజూరైంది.

రెండు వారాల తర్వాత ఆమే ఫోన్ చేసింది. మూత తెచ్చినతను బిగించనంటున్నాడట. కాగితం ప్రకారం అది ఆమె భర్త ఇంటికి వచ్చింది, ఆ ఇంటికి మిషను లేదు. మిషను ఉన్నది ఆమె ఇంట్లో, అక్కడ గాయాలు సున్నా.

"మేము విడిపోయామంటున్నాడు భయ్యా. ఎప్పుడు?"

"రెండు వారాల కింద, దీదీ. కాగితం మీదే. అతనికి ఫోన్ ఇవ్వండి, చెబుతాను."

"అక్కర్లేదు. ఈయన మంచం తీసుకెళ్లి మిషను పక్కన వేసుకుని కూర్చున్నాడు. ఇదే నా ఇల్లు, బిగించమన్నాడు. అతను బిగిస్తున్నాడు."

ఫోన్లో సుత్తి దెబ్బలు వినిపించాయి. అవి ఆగేదాకా ఇద్దరం లైన్లోనే ఉన్నాం.