గోడవైపు తిప్పిన చక్రాలు

మెట్రో రైలు ఎల్బీనగర్ దాకా వచ్చిన మరుసటి ఎండాకాలంలో నేను సత్తన్న షెడ్డులో మిస్త్రీగా పనిచేస్తున్నాను. పండ్ల మార్కెట్ అప్పటికింకా గడ్డిఅన్నారంలోనే ఉంది. ఆ మార్కెట్ వెనక నుంచి సరూర్‌నగర్ వైపు దిగే గల్లీలో మా షెడ్డు. మా పనిలో కొత్తగా చేరినవాళ్లు హెల్పర్లు. ఎవరూ పక్కన నిలబడకుండా పని ముగించగలిగితే మిస్త్రీ. షెడ్డు మొత్తం చూసేవాడు ఉస్తాద్. మా ఉస్తాద్ సత్తన్న, షెడ్డు కూడా అతనిదే. నాకు మిస్త్రీ హోదా వచ్చి అప్పటికి ఏడాది.

నాకు చదువు పెద్దగా లేదు. సంతకం పెడతాను, బండి నంబరు చదువుతాను, అంతే. ఇది నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. రాసింది చదివి వినిపిస్తోంది, తప్పుంటే దిద్దిస్తున్నాను.

స్టీరింగు పని నాకు నా భర్త సాయిలు దగ్గర అబ్బింది. ఆయన కూడా ఆ షెడ్డులోనే మిస్త్రీ. పాత బండిలో స్టీరింగు లూజైతే దాన్ని కొంత తిప్పేదాకా ముందు చక్రాలు కదలవు. ఆ ఖాళీని మేము ప్లే అంటాం. అది ఎక్కడుందో పట్టడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు సీట్లో కూర్చొని స్టీరింగును కొంచెం అటూ ఇటూ ఆడించాలి. ఇంకొకరు బండి కింద పడుకొని ఒక్కో జాయింటు మీద చేయి పెట్టాలి. పైనుంచి వచ్చే కదలిక ఏ జాయింటు దగ్గర పోతోందో చేతికి తెలుస్తుంది. హెల్పర్ రాని రోజున, అన్నం టిఫిన్ తీసుకుని వెళ్లిన నన్నే ఆయన బండి కిందికి పంపేవాడు. అట్లా ఏళ్ల తరబడి పంపాడు. ఆయన పోయిన నెలకు సత్తన్న ఇంటికొచ్చి, “వదినా, నీ చేయి నాకు గావాలె. పనికి రా” అన్నాడు. వెళ్లాను.

ఇక పద్మావతి గారి జీపు సంగతి.

ఆమెది కృష్ణా జిల్లా. కొత్తపేటలో స్థిరపడి, ఆడవాళ్లకు డ్రైవింగ్ నేర్పే చిన్న స్కూలు నడిపేది. బండి ఒక్కటే, పాత జీపు. నేర్చుకునేవాళ్ల వైపు, తన వైపు రెండు బ్రేకులు ఉండేవి. జీపు తోలడం వచ్చిందంటే ఇంకే బండైనా వస్తుందని చెప్పి అందరినీ దాని మీదే కూర్చోబెట్టేది. ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆమె షెడ్డుకొచ్చింది. సోమవారం ఆ జీపుకు ఫిట్‌నెస్ పరీక్ష. అధికారి స్టీరింగు తిప్పి చూస్తాడు, లూజుంటే పంపించేస్తాడు. ఫిట్‌నెస్ లేని బండి మీద పాఠాలు చెప్పడానికి లేదు. బుధవారం ఏడుగురు ఆడవాళ్లకు లైసెన్సు పరీక్ష ఉంది, అదీ ఈ జీపు మీదే.

“ఇది తప్పితే నా దగ్గర ఇంకో బండి లేదండీ. స్కూలు బోర్డు పీకెయ్యడమే,” అంది.

నేను స్టీరింగు పట్టుకుని చూశాను. నాలుగు వేళ్ల వెడల్పు తిప్పేదాకా ముందు చక్రాలకు ఏమీ తెలియడం లేదు.

“ఎట్ల తోల్తున్నరు మేడం గీ బండిని?”

“అలవాటైపోయిందండీ బాలమణి గారూ. నేను కూర్చుంటే మాట వింటుంది.”

హెల్పర్ భోజనానికి వెళ్లాడు. సీట్లో కూర్చుని ఆడించేవాళ్లు లేరు. నాలుగింటికి పాఠం ఉందని ఆమె గడియారం చూస్తోంది. అప్పుడు నేను సులువైన దారి పట్టాను. స్టీరింగు కడ్డీ కిందికి దిగి ఒక ఇనుప పెట్టెలో కలుస్తుంది. లోపల పళ్ల చక్రాలుంటాయి. దాన్ని స్టీరింగు బాక్సు అంటారు. బాక్సు మీద ఒక స్క్రూ, అది కదలకుండా ఒక నట్టు ఉంటాయి. స్క్రూ బిగిస్తే పళ్లు దగ్గరవుతాయి, ప్లే తగ్గుతుంది. నట్టు వదులు చేసి స్క్రూ తిప్పాను. నాలుగు వేళ్ల ప్లే రెండు వేళ్లకు వచ్చింది. పద్మావతి గారు సంతోషంగా జీపు తీసుకుని వెళ్లింది. నేనూ సంతోషంగానే చేతులు కడుక్కున్నాను.

శనివారం పొద్దున షెడ్డు తెరవకముందే ఆమె గేటు దగ్గర నిలబడి ఉంది.

“తిప్పితే తిరుగుతోంది గానీ వెనక్కి రావట్లేదండీ! కొత్తపేట మలుపులో తిరిగింది తిరిగినట్టే పోయి కొబ్బరిబోండాల బండి దాకా వెళ్లింది. ఆ బండాయన బోండాలు కొట్టే కత్తి పట్టుకునే లేచాడు.”

సత్తన్న స్టీరింగు పట్టుకుని చూశాడు. నేరుగా పెట్టిన చోట బిర్రుగా ఉంది. పక్కకు తిప్పితే తేలికవుతోంది.

“ఏం జేసినవ్ వదినా?”

“బాక్సు స్క్రూ బిగించిన.”

“బండి యాడ వెట్టి?”

“గీడనే.”

అతను ముందు చక్రాల వైపు చూసి తల పట్టుకున్నాడు.

ఎందుకో చెప్పాలి. మా షెడ్డు వాలులో ఉంటుంది. బ్రేకు జారితే బండి గల్లీలోకి దొర్లుతుంది. అందుకని లోపలికి ఏ బండి వచ్చినా ముందు చక్రాలను గోడవైపు తిప్పి నిలపడం మా ఆచారం. జారినా గోడను ఆనుకుని ఆగుతుంది. ఎవరు బండి తెచ్చినా సత్తన్న మొదటి మాట “చక్రం గోడకు!” అనేదే. ఇన్నేళ్లలో అది నా కళ్లకు కనిపించడం మానేసింది. స్టీరింగు బాక్సు తీరు వేరు. చక్రాలు నేరుగా ఉన్నప్పుడు లోపలి పళ్లు దగ్గరగా, పక్కకు తిరిగినప్పుడు కొంచెం దూరంగా ఉండేలా దాన్ని చేస్తారు. పక్కకు తిప్పి ఉంచి ఆ దూరాన్ని బిగిస్తే, నేరుగా వచ్చేసరికి పళ్లు ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. అందుకే స్క్రూ ముట్టుకునే ముందు చక్రాలు నేరుగా ఉండాలి. సాయిలు ఈ మాట నాకు ఎన్నోసార్లు చెప్పాడు.

“గోడకు తిప్పమని నువ్వే జెప్తివి గద,” అన్నాను, కోపం నా మీదే అయినా.

“నిలవెట్టెటందుకు జెప్పిన. బిగించెటందుకు గాదు!”

పద్మావతి గారు ఇద్దరినీ చూసి, “గోడ సంగతి తర్వాత. సోమవారానికి అవుతుందా, అవదా?” అని అడిగింది. తప్పు నాదే మేడం, ఇయ్యాల్నే సరిజేస్తా అన్నాను. ఆమె కదలకుండా స్టూలు లాక్కుని కూర్చుంది.

గల్లీ చివర వినాయకుడి మండపం వేసే చదును జాగా ఉంది. జీపును అక్కడికి తోసుకెళ్లాం. ముందు చక్రాలను జాకీతో లేపాను. బాక్సుకూ చక్రాలకూ మధ్యనున్న రాడ్డు విప్పాను, లేకపోతే చక్రాల బరువు చేతికి తగిలి బాక్సు బిగువు తెలియదు. స్టీరింగు మీద చాక్‌పీసుతో గీత గీసి, ఆ చివర నుంచి ఈ చివర దాకా తిప్పాను. మూడున్నర చుట్లు. అందులో సగం వెనక్కి తిప్పితే సరిగ్గా నడిమి. అక్కడ స్క్రూ వదులు చేసి, మళ్లీ వేళ్లకు కొంచెం పట్టినట్టు తగిలేదాకా మాత్రం బిగించాను. స్క్రూ తిరగకుండా స్క్రూడ్రైవరుతో పట్టుకుని పైన నట్టు బిగించాను. స్టీరింగు తేలికయింది. రాడ్డు మళ్లీ కలిపి చూస్తే ప్లే మాత్రం నిన్న మిగిలిన రెండు వేళ్లూ అట్లాగే ఉంది. నిన్న తగ్గిన రెండు వేళ్లూ చక్రాలు పక్కకు తిప్పి ఉన్నందుకు కనిపించినవే. అంటే మొదటి నుంచీ బాక్సుది తప్పు కాదు.

ఇప్పుడు నిన్న చేయాల్సిన పని చేశాను. పద్మావతి గారిని సీట్లో కూర్చుని స్టీరింగు ఆడించమని, నేను కిందికి దూరాను. చక్రాల దగ్గరి జాయింట్లు బాగానే ఉన్నాయి. బాక్సు బాగుంది. చేయి పైకి జరుపుతూ వెళ్లాను. స్టీరింగు నుంచి దిగే కడ్డీ, బాక్సులోకి వెళ్లే కడ్డీ ఒక మందపాటి రబ్బరు బిళ్లతో కలిసి ఉంటాయి. రోడ్డు అదురు చేతులకు రాకుండా ఆ బిళ్ల ఆపుతుంది. దాని మీద వేళ్లు పెట్టగానే తెలిసింది. పై కడ్డీ తిరుగుతోంది, కింది కడ్డీ ఆలోచించుకుని తిరుగుతోంది. బోల్టులు పోయే రంధ్రాలు అరిగి వెడల్పయ్యాయి.

“దొరికింది!” అని కింద నుంచి అరిచాను. నా గొంతు మామూలుగానే బొంగురు. పైన ఆమె ఉలిక్కిపడి హారను కొట్టింది.

సత్తన్న పాత సామాన్ల దుకాణాలు తిరిగి మధ్యాహ్నానికి అదే కొలత బిళ్ల తెచ్చాడు. విప్పే ముందు రెండు కడ్డీల మీదా ఒకే వరసలో గాటు పెట్టాను. ఆ గాట్లు కలిపి బిగిస్తేనే చక్రాలు నేరుగా ఉన్నప్పుడు స్టీరింగు కూడా నేరుగా ఉంటుంది. సాయంత్రానికి ప్లే ఒక వేలు కూడా లేదు.

ఆదివారం పొద్దున సరూర్‌నగర్ స్టేడియం దగ్గరి ఖాళీ రోడ్డు మీద తోలి చూద్దామని బయలుదేరాం. పద్మావతి గారు తోలుతోంది, నేను పక్కన. వెనక సీట్లో స్వప్న అని దవాఖానలో నర్సుగా చేసే అమ్మాయి, డ్రైవింగ్‌లో కొత్తగా చేరింది. వంద గజాలు పోయామో లేదో జీపు పాములా మెలికలు తిరిగింది. ఆమె బ్రేకు తొక్కి నా వైపు తిరిగింది.

“ఇదేంటండీ! ముందుకంటే దారుణంగా ఉంది. రేపే కదా పరీక్ష!”

ఒకసారి తప్పు చేసినదాన్ని, రెండోసారి చేయలేదని ఎట్లా చెప్పను? మళ్లీ కిందికి దూరి బోల్టులన్నీ చూశాను. ఏదీ కదలలేదు. ఇంకోసారి తోలమని, ఈసారి రోడ్డు మానేసి ఆమె చేతులు చూశాను. నేరుగా పోతున్నా చేతులు ఆగడం లేదు. ఎడమకు రెండు వేళ్లు, కుడికి రెండు వేళ్లు, ఊయల ఊపినట్టు. లూజు స్టీరింగుకు అట్లా ఆడిస్తే తప్ప బండి నేరుగా పోదు. ఇప్పుడు ఆ రెండు వేళ్లూ చక్రాలకు చేరుతున్నాయి.

“మేడం, జర గా పిల్లను కూసోవెట్టుండ్రి.”

“స్వప్ననా? మొన్ననే చేరిందండీ. క్లచ్ ఏదో బ్రేక్ ఏదో ఇంకా తెలీదు.”

“గందుకే. మీ చేతుల అలవాటు ఆమెకింకా రాలే.”

స్వప్న భయపడుతూ కూర్చుంది. పద్మావతి గారు పక్క సీట్లో తన బ్రేకు మీద కాలు పెట్టుకుంది, నేను వెనక్కి వెళ్లాను. మొదటి గేరులో రెండుసార్లు ఆగిపోయి మూడోసారి కదిలింది. స్టీరింగును కదిపితే ఏమవుతుందోనని ఆ పిల్ల దాన్ని అట్లాగే పట్టుకుంది. జీపు రోడ్డు చివరిదాకా గీత గీసినట్టు పోయింది.

పద్మావతి గారు నవ్వడం మొదలుపెట్టింది.

“అంటే ఆరేళ్లుగా నేను వీళ్లందరికీ వణకడం నేర్పానన్నమాట!”

ఆ రోజంతా ఆమె ఆ రోడ్డు మీదే చేతులు ఆపుకుని తోలడం సాధన చేసింది. సోమవారం అధికారి స్టీరింగు ఆడించి, కింద వంగి చూసి, ఫిట్‌నెస్ ఇచ్చాడు. బుధవారం ఏడుగురిలో ఐదుగురికి లైసెన్సు వచ్చింది. తప్పినవాళ్లిద్దరూ ఎక్కువ రోజులు నేర్చుకున్నవాళ్లే. వాళ్లకు ఆమె మళ్లీ పాఠాలు చెప్పింది, తర్వాతి పరీక్షలో వాళ్లూ గట్టెక్కారు. స్కూలు బోర్డు పీకాల్సిన పని పడలేదు.

సత్తన్న గల్లీ చివరి చదును జాగాలో సున్నంతో రెండు గీతలు గీయించాడు. స్టీరింగు పని ఏదైనా బండిని ఆ గీతల మధ్య నేరుగా నిలిపాకే మొదలుపెట్టేవాళ్లం. చేయి పెట్టి చూడకుండా నేను మళ్లీ స్క్రూ ముట్టుకోలేదు. పని మానేసేదాకా, స్టీరింగు లూజని వచ్చిన ప్రతి ఒక్కరినీ మొదట ఒకటే అడిగేదాన్ని, ఎన్నాళ్లుగా ఇట్లా తోలుతున్నారని. ఎక్కువ కాలమని చెబితే తాళంచెవి ఇచ్చేటప్పుడే చెప్పేదాన్ని: బండి బాగైంది, చేతులు బాగవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, అప్పటిదాకా మెల్లగా తోలండి అని.