అడిగిన గడపకే జవాబు

మా మేడం పోయారు. విశాఖపట్నంలో నేను పాఠం చెబుతుండగా ఆమె చెల్లెలు ఫోన్ చేసి, "అక్క ఎల్లిపోనాదమ్మా" అంది. పరిశోధనలోకి కొత్తగా వచ్చిన పిల్లలకు, ఆడవాళ్లతో వాళ్ల ఒంటి బాధల గురించి ఎలా మాట్లాడాలో అప్పుడు నేర్పుతున్నాను. చెబుతున్నవన్నీ మేడం మాటలే. ఇవి ఆవిడవి అని మాత్రం ఆ పిల్లలతో ఒక్కసారీ అనలేదు.

మేడం టెక్కలిలో ఆడవాళ్ల డాక్టరు. ఉద్యోగం నుంచి దిగిపోయాక మాలాంటి వాళ్లను చేరదీసి పరిశోధన నేర్పేవారు. ఆ నేర్పే పద్ధతి ఉంది చూశారూ, ప్రాణం తీసేది! ఊళ్లో ఆడవాళ్లను అడగబోయే ప్రతి ప్రశ్నకూ ముందు మేమే, ఒకరి ఎదుట ఒకరం, జవాబు చెప్పాలి. నెలసరి సరిగ్గా వస్తోందా, ఒంటేలుకు వెళితే మంటగా ఉంటోందా, ఉంటే ఇంట్లో ఎవరికి చెప్పుకున్నావు? మొదటిరోజు నాకు నోరు పెగల్లేదు.

"ఓలమ్మ, అంత సిగ్గేటి గుంటా! నువ్వు సెప్పలేనిది ఆవిడ నీకెందుకు సెప్పాల?" అని నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. అప్పుడు టీ తెప్పించి, అవే ప్రశ్నలకు తన జవాబులు తాను చెప్పారు, కడుపు నిలవని సంగతితో సహా. ఆ రోజు నుంచి ఆవిడంటే నాకు భయం పోయింది.

పలాస దగ్గర ఊళ్లో, జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్ల మధ్య మమ్మల్ని కూర్చోబెట్టారు. ముందు పని, తర్వాతే ప్రశ్నలు. పిక్కల్లోంచి కారే జీడి అంటుకుని నా వేళ్లు నల్లబడి చర్మం ఊడితే, కొబ్బరినూనె రాస్తూ, "పెళ్లిచూపులకి ఈ సేతులే సూపించు, మంచి సంబంధమొత్తాది" అని ఆటపట్టించారు.

అక్కడ తెలిసిన సంగతి ఇది. పనిచోట మరుగుదొడ్డికి ఎప్పుడూ తాళమే. బయటికి వెళ్లాల్సి వస్తుందని ఆ ఆడవాళ్లు పొద్దుటి నుంచి నీళ్లు ముట్టుకోరు. మంట, చలిజ్వరం, కడుపుతో ఉన్నవాళ్లకైతే మరీ అవస్థ. అసలే కిడ్నీ జబ్బు పేరు చెబితే ఉలిక్కిపడే ఉద్దానం ఇది. వాళ్లు సిగ్గు విడిచి చెప్పారు, నేను రాసుకున్నాను.

ఒక్క విషయంలో మేడం ఎవరినీ క్షమించేవారు కాదు. "అచ్చెయ్యడం తరవాత, పట్టా తరవాత. అడిగిన గడపకే ముందు జవాబెల్లాల" అనేవారు. నేను రాసింది అచ్చయింది. దాన్ని చూసి ఉద్యోగమిచ్చారు. ఆ ఊరికి వెళ్లి, తెలిసింది ఇదమ్మా అని చెప్పడం ఒక్కటే మిగిలిపోయింది.

"ఎల్లినావేటి?" అని ఫోన్ చేసేవారు. వచ్చేవారం మేడం, అనేదాన్ని. "ఆళ్లు ఎదురుసూత్తారు గుంటా." కొన్నాళ్లకు అడగడం మానేశారు. హమ్మయ్య అనుకున్నాను. అవును, అలాగే అనుకున్నాను, నా మొహానికి! ఒంట్లో బాగోలేదని తెలిసి కూడా, చూడ్డానికి వెళితే మళ్లీ అదే అడుగుతారని ముఖం చాటేశాను.

చెల్లెలి ఫోన్ రాగానే టెక్కలి వెళ్లాను. సమాధి దగ్గర, మేడం పెంచిన పిల్ల అంటూ నన్ను ముందుకు పిలిచి నాలుగు మాటలు చెప్పమన్నారు. చెప్పాను. బాగా చెప్పావని మెచ్చుకున్నారు కూడా. తల కొట్టేసినట్టయింది. మర్నాడు పలాస బస్సెక్కి, అక్కణ్ణుంచి ఆటోలో ఆ ఊరు వెళ్లాను.

ఆడవాళ్లు పిక్కలు ఒలుస్తున్నారు. నన్ను గుర్తుపట్టారు. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు, అడిగితే బాగుండేది. నీళ్లు తాగకపోతే ఏమవుతుందో చెప్పడం మొదలుపెట్టాను. అందరికంటే పెద్దది, నీలమ్మ, మధ్యలోనే నవ్వేసింది.

"ఓలమ్మ, ఈ మాటలన్నీ డాట్రమ్మ సెప్పీసినారు గదమ్మా!"

ఎప్పుడు చెప్పారని అడిగాను.

"ఎండలు ముదరక ముందే వొచ్చినారు. నడవలేకపోతన్నారు పాపం, సెల్లి సెయ్యి పట్టుకుని ఆటో దిగినారు. 'ఇదంతా మా గుంట కష్టమే. దానికి సెలవు దొరకలేదు, ఎల్లి సెప్పమని నన్ను పంపింది' అన్నారు. మేవందరం కలిసెల్లి యజమానిని గట్టిగా అడిగినాం. తాళం తీసినారు. ఇప్పుడు సుబ్బరంగా తాగతన్నాం."

నేను పంపానట. ఆ ఆటోలో ఆవిడ ఎంత నొప్పి ఓర్చుకుని వచ్చారో నాకు తెలియదు. నా పరువు కాపాడడానికి చెప్పిన ఆ అబద్ధం మాత్రం ఊరంతా నమ్మింది. నీలమ్మ చేయి తుడుచుకుని నా గడ్డం పట్టుకుంది. "సల్లగుండమ్మా, మమ్మల్ని మరిసిపోనేదు."

తల ఎత్తలేకపోయాను.

"అవునుగానీ, ఆయమ్మ రాలేదేటి? ఒంట్లో ఎలాగుంది?"

వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెబుతానని నోరు తెరిచాను, మాట రాలేదు. ఒక్కొక్కరే చేతులాపి నా వైపు చూశారు. చివరన కూర్చున్న ఆవిడ ఏమీ అడక్కుండా, ముందున్న పిక్కల కుప్పను పక్కకు నెట్టి, నేను కూర్చోడానికి చోటు చేసింది.