చెమట పట్టని పిల్ల కారు

2023 మార్చి. నరసరావుపేటలో ఒక కార్ల కంపెనీ సర్వీస్ సెంటర్‌లో నేను ఏసీ మెకానిక్‌ని. అప్పటికే ఆ పనిలో పదిహేడేళ్ళు గడిచాయి. మా పల్నాడులో ఏసీ మెకానిక్‌కీ మిర్చి రైతుకీ తీరిక లేని నెలలు ఒకటే. వాళ్ళు కళ్ళాల్లో కాయలు ఆరబోసుకునే రోజుల్లోనే మా షెడ్డు ముందు కార్లు బారులు తీరతాయి. "చల్లగా రావట్లేదు" అనే మాట పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వింటూనే ఉంటాం. చాలా బండ్లలో ఫిల్టర్‌కు దుమ్ము పట్టడం తప్ప ఇంకేమీ ఉండదు. ఆ మాట వినీ వినీ నా చెవులు కాస్త మొద్దుబారాయని ముందే ఒప్పుకుంటాను.

కోటేశ్వరరావుది గురజాల పక్కన ఒక పల్లె. మిర్చి, పత్తి వేస్తాడు. తెల్లటి చిన్న కారు, కొని మూడేళ్ళు నిండబోతోంది. ఆ నెలలో మూడోసారి వచ్చాడు. మూడుసార్లూ ఒకటే ఫిర్యాదు.

"బండి ఎక్కంగానే బాగానే ఉంటది సుభానీ. చానాసేపు నడిచినాక ఏసీ చచ్చిపోతది. ఆపేసి రెండు గంటలు ఆగి వేస్తే మళ్ళా బతుకుద్ది."

మూడుసార్లూ నేను చేసిందీ ఒకటే. బానెట్ ఎత్తి, గేజ్ తగిలించి గ్యాస్ ప్రెషర్ చూశాను. సరిగ్గానే ఉంది. గాలి వచ్చే వెంట్‌లో థర్మామీటర్ పెట్టాను. ఏడు డిగ్రీలు చూపించింది. కొత్త బండికి కూడా అంతకంటే చల్లగా రాదు. జాబ్ కార్డులో "లోపం కనపడలేదు" అని రాసి పంపాను. జాబ్ కార్డు అంటే బండి లోపలికి వచ్చినప్పుడు ఫిర్యాదూ, చేసిన పనీ రాసే కాగితం. వారంటీలో ఉన్న బండికి పార్టు మార్చాలంటే కంపెనీకి క్లెయిమ్ పంపాలి. లోపం ఏమిటో మేం చూపించగలిగితేనే వాళ్ళు ఒప్పుకుంటారు. కనపడని లోపానికి పార్టు ఇవ్వరు.

మూడోసారి నాకు విసుగొచ్చింది. షెడ్డులో ఇంకా ఎనిమిది బండ్లున్నాయి.

"అన్నా, ఏసీ అంటే ఐసుగడ్డ కాదు. బయట నలభై డిగ్రీలుంటే ఆ మాత్రం వేడి తెలుస్తది. మీరు మరీ సుకుమారం చేస్తే ఎట్టా?" అన్నాను.

ఆయన పేపర్లు మడిచి జేబులో పెట్టుకున్నాడు. కోపం తెచ్చుకోలేదు.

"చల్లగాలి నాకు కాదులే అబ్బాయ్," అని మాత్రం అని వెళ్ళిపోయాడు.

ఆ మాట నేను పట్టించుకోలేదు. పక్క బండి బానెట్ ఎత్తాను.

నాలుగు రోజులకు మళ్ళీ వచ్చాడు. ఈసారి పక్కన కూతురుంది. పదిహేనేళ్ళు ఉంటాయి. పేరు ప్రసన్న. తలమీద జుట్టు పల్చగా ఉంది. నవ్వితే పైన రెండు పళ్ళు కోసుగా కనపడ్డాయి. మెడ చుట్టూ తడి తువ్వాలు, చేతిలో మొక్కల మీద నీళ్ళు కొట్టే స్ప్రే సీసా. షెడ్డులోకి అడుగుపెడుతూనే ముఖం మీద కొట్టుకుంది.

"అంకుల్, మా నాన్నని సుకుమారం అన్నారంట. ఆయన మిట్టమధ్యాహ్నం చేలో మందు కొడతాడు. సుకుమారం నేను," అంది.

తండ్రి మెల్లగా విషయం చెప్పాడు. ఆ పిల్లకు పుట్టుకతోనే చెమట గ్రంథులు లేవు. మనకు ఎండలో చెమట పట్టి ఒళ్ళు చల్లబడుతుంది. ఆ పిల్లకు పట్టదు. వేడి లోపలే ఉండిపోయి జ్వరంలా పెరిగిపోతుంది. కిందటి ఏడాది ఏప్రిల్‌లో క్లాసులోనే పడిపోతే గుంటూరు ఆసుపత్రిలో మూడు రోజులు ఉంచారు. అందుకే ఎండాకాలమంతా ఆయన బండిని బడి గేటు దగ్గర పెట్టి, ఇంజన్ ఆపకుండా ఏసీ వేసుకుని కూర్చుంటాడు. ఇంటర్వెల్‌లో, అన్నం వేళ పిల్ల వచ్చి కాసేపు అందులో కూర్చుని చల్లబడి మళ్ళీ క్లాసుకు వెళుతుంది.

"ఊళ్ళో అందరూ కోటిగాడికి కారు పొగరెక్కిందంటారు. అననీ. పదో తరగతి పరీక్షలు ఇంకో పది రోజులుండయ్. బడి హెడ్‌మాస్టరు ఫ్యాను కింద సీటు ఇప్పిస్తానన్నాడు. రాసి బయటికొచ్చేసరికి ఒంటిగంట ఎండ. ఆ టయానికి బండి చల్లగా లేకపోతే ఈ ఏడు పరీక్షే వద్దంటాంది వాళ్ళమ్మ."

"నేను మాత్రం రాస్తా," అంది ప్రసన్న.

నాకు సిగ్గుగా అనిపించింది. జాబ్ కార్డు తీసి చూశాను. వారంటీ ఇంకా తొమ్మిది రోజులే ఉంది. నేను రాసిన మూడు "లోపం కనపడలేదు"లు వరుసగా ఉన్నాయి.

మళ్ళీ బండిని లోపలికి తెచ్చి అన్నీ చూశాను. మళ్ళీ ఏడు డిగ్రీలే. ప్రసన్న వెనక సీట్లో కూర్చుని కళ్ళు మూసుకుంది.

"ఇప్పుడు బాగానే ఉంది అంకుల్. ఇక్కడికొస్తే ఎప్పుడూ బాగానే ఉంటదంట గదా. ఆగే ముందు టక్ అనే శబ్దం రాదు. మామూలుగా టక్ అన్నాక గాలి గట్టిగా ఉంటది. టక్ రాకపోతే గాలి మెత్తబడుద్ది. తర్వాత వేడొస్తది."

పదిహేడేళ్ళలో ఏ కస్టమరూ నాకు అంత వివరంగా చెప్పలేదు. ఆ టక్ ఏమిటో నాకు వెంటనే తెలిసింది. ఏసీకి గుండెకాయ కంప్రెసర్. ఇంజన్ బెల్టు దాని ముందున్న చక్రాన్ని ఎప్పుడూ తిప్పుతూనే ఉంటుంది. లోపల కాయిల్‌కు కరెంటు అందితే అది అయస్కాంతమై, ముందున్న ప్లేటును టక్కున లాగి చక్రానికి అతికిస్తుంది. దాన్ని మాగ్నెటిక్ క్లచ్ అంటారు. అప్పుడే కంప్రెసర్ తిరుగుతుంది, చల్లగాలి వస్తుంది. ప్లేటుకూ చక్రానికీ మధ్య సందు గోరు మందం కూడా ఉండకూడదు. అది కాస్త ఎక్కువైతే, కాయిల్ బాగా వేడెక్కినప్పుడు లాగే బలం చాలదు. చల్లారితే మళ్ళీ లాగుతుంది.

మా షెడ్డులో బానెట్ ఎత్తి, ముందు పెద్ద ఫ్యాను పెట్టి చూస్తాం. నీడ. కాయిల్ వేడెక్కే అవకాశమే లేదు. నేను లోపాన్ని చల్లార్చి మరీ వెతికాను.

మేనేజర్ గారి దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన మంచివాడే కానీ కాగితం మనిషి.

"పిల్ల టక్ రాలేదంది అని కంపెనీకి రాయమంటావా సుభానీ? ఆగిపోయినప్పుడు వీడియో తీసుకురా. క్లచ్‌కు కరెంటు అందుతున్నా తిరగట్లేదని కనపడాలి. క్లెయిమ్ ఒప్పుకునేదాకా నువ్వు మాత్రం క్లచ్ విప్పబాక. విప్పితే మనమే పాడు చేశామంటారు."

ఆదివారం నాకు సెలవు. మీటరు, గేజ్‌లు, థర్మామీటరు బ్యాగులో వేసుకుని పొద్దున్నే గురజాల బస్సెక్కాను. వాళ్ళింట్లో జొన్నరొట్టె, పచ్చిమిర్చి పచ్చడి పెట్టారు. ప్రసన్న వాళ్ళమ్మ నాతో పెద్దగా మాట్లాడలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం నీళ్ళ క్యాను డిక్కీలో పెడుతూ, "పిల్లని ఎండలో ఎక్కువసేపు ఉంచబాకండి అన్నా," అంది.

నిజానికి పిల్లను తీసుకెళ్ళాలని నేననుకోలేదు. తండ్రీ నేనూ చాలనుకున్నాను. ప్రసన్న ఒప్పుకోలేదు.

"మీకు తెలీదు మామా. మీకు వేడి తెలిసేసరికి ఆలస్యమయిపోతది."

అంకుల్ పోయి మామ అయ్యాడు. రొట్టె తిన్నాక కాదనే హక్కు నాకు లేకపోయింది.

పదకొండున్నరకు బండిని బడి గేటు ముందు, రోజూ పెట్టే చోటే పెట్టాం. చెట్టు నీడ లేదు. బానెట్ మూసే ఉంది, ఇంజన్ నడుస్తోంది. కోటేశ్వరరావు స్టీరింగ్ దగ్గర, నేను పక్కన, వెనక సీట్లో ప్రసన్న సాంఘికశాస్త్రం పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. థర్మామీటరు వెంట్‌లో దూర్చాను. ఎనిమిది. పది నిమిషాలకు ఎనిమిది. అరగంటకు తొమ్మిది. ఆ పిల్ల నదుల పేర్లు పైకి చదువుకుంటోంది. తండ్రి అద్దంలోంచి ఆమెనే చూస్తున్నాడు. బడి రోజుల్లో ప్రతి మధ్యాహ్నం ఆయన చేసే పని ఇదేనని అప్పుడు గమనించాను.

నలభై నిమిషాలు దాటాక ప్రసన్న చదవడం ఆపింది.

"మామా, టక్ రాలేదు."

నేను థర్మామీటరు చూశాను. ఇంకా తొమ్మిదే. వెంట్ ముందు చెయ్యి పెట్టాను. చల్లగానే ఉంది.

"ఉంది గదమ్మా."

"లేదు. మెత్తబడింది."

అంతలో అంకె కదిలింది. పది. పన్నెండు. పదిహేను. నా చేతికంటే, నా థర్మామీటరు కంటే ముందు ఆ పిల్లకు తెలిసింది.

"అన్నా, పిల్లని బడి వరండాలోకి తీసకపో," అన్నాను. కోటేశ్వరరావు అప్పటికే దిగాడు. తువ్వాలు మీద నీళ్ళు పోసి, పిల్లను నీడలోకి నడిపించుకుపోయాడు. నేను బానెట్ ఎత్తి ఫోన్లో వీడియో తీయడం మొదలుపెట్టాను. గ్యాస్ తగ్గలేదు. క్లచ్ వైరుకు మీటరు పెడితే కరెంటు నిండుగా అందుతోంది. చక్రం గిర్రున తిరుగుతోంది, ప్లేటు మాత్రం కదలకుండా నిలబడి ఉంది. ఇంజన్ నడుస్తుండగా ఎవరూ చెయ్యి పెట్టకూడని చోటది. పొడుగాటి కర్ర పిడితో ప్లేటును జాగ్రత్తగా ఒక్కసారి చక్రం వైపు తట్టాను.

టక్.

ప్లేటు అతుక్కుంది, కంప్రెసర్ తిరిగింది. వరండాలోంచి ప్రసన్న చప్పట్లు కొట్టింది. అంత దూరం నుంచి ఎట్లా వినపడిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

సోమవారం పొద్దున్నే వీడియోతో క్లెయిమ్ పంపాం. మేనేజర్ గారు రెండుసార్లు చూసి, "ఇది చాలు," అన్నారు. సాయంత్రానికి కంపెనీ ఒప్పుకుంది. వారంటీ గడువులోపలే. కానీ కొత్త క్లచ్ డిపో నుంచి రావడానికి వారం పైన పడుతుందన్నారు. పరీక్షలు అంతకంటే ముందే మొదలవుతాయి.

క్లచ్ విప్పి సందు సరిచేస్తే ఆ బండి ఇంకొంతకాలం నడుస్తుందని నాకు తెలుసు. పాత క్లచ్‌ను విప్పకుండా ఉన్నదున్నట్టు వెనక్కి పంపాలని కంపెనీ షరతు. విప్పితే కొత్తది రాదు. ఒకరోజంతా అటూ ఇటూ ఆలోచించాను. చివరికి నాకు తోచింది చాలా మామూలు సంగతి. నాకొక పాత కారుంది. సెకండ్ హ్యాండ్‌ది, రంగు పోయింది, కిటికీ ఒకటి దిగదు. ఏసీ మాత్రం నేను చేత్తో కట్టుకున్నది. పరీక్షల ముందు రోజు దాన్ని నేనే నడుపుకుంటూ వెళ్ళి వాళ్ళింటి ముందు పెట్టాను.

కోటేశ్వరరావు తాళం తీసుకోలేదు. "నీ బండి నాకెందుకయ్యా? నీ ఇంట్లోవాళ్ళకి ఇబ్బంది గదా."

"నిన్ను సుకుమారం అన్నా గదన్నా. అందుకు," అన్నాను.

ఆయన నవ్వలేదు. నా భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు తియ్యలేదు.

మొదటి మూడు పరీక్షలకూ నా పాత కారే ఆ గేటు దగ్గర నిలబడింది. మిగతా వాటికి వాళ్ళ కారు కొత్త క్లచ్‌తో తిరిగి వెళ్ళింది. పార్టు మార్చిన రోజున బండి తీసుకోవడానికి ప్రసన్న కూడా వచ్చింది. నేనే బండిని షెడ్డు బయట ఎండలో పెట్టి, గంటసేపు నడిపి చూపించాను. ఆ పిల్ల కళ్ళు మూసుకుని విన్నది. పని బాగుందని సంతకం పెట్టాల్సింది తండ్రి. ఆయన కూతురి వైపు చూశాడు. ఆమె తల ఊపాకే పెన్ను పట్టుకున్నాడు.

ఫలితాలు వచ్చిన రోజు ఆయన ఫోన్ చేశాడు. పిల్ల మంచి మార్కులతో పాసయిందని ఒక్క ముక్కలో చెప్పి, తర్వాత పది నిమిషాలు బండి గురించే మాట్లాడాడు. ఆనందం చెప్పుకోవడం చేతకాని మనుషులు అట్లాగే మాట్లాడతారు. ప్రసన్న ఇంటర్లో చేరింది.

ఆ తర్వాత నా పనిలో రెండు సంగతులు మారాయి. షెడ్డులో లోపం కనపడకపోతే, లేదని రాసి కస్టమర్‌ను పంపెయ్యను. ఎక్కడ, ఏ వేళప్పుడు, ఎంతసేపటికి ఆగుతుందో అడిగి, వీలైతే పక్కన కూర్చుని వెళ్ళి చూస్తాను. రెండోది ఇంకా చిన్నది. జాబ్ కార్డులో కస్టమర్ చెప్పింది రాసే గడి ఒకటుంటుంది. ఒకప్పుడు వాళ్ళు ఏం చెప్పినా అందులో నా మాటలే రాసేవాణ్ణి, "కూలింగ్ తక్కువ" అని. ఇప్పుడు వాళ్ళ నోట వచ్చింది వచ్చినట్టే రాస్తాను. మొన్న దాచేపల్లి నుంచి ఒక పెద్దాయన వచ్చి, "ఏసీ వేస్తే బండి దగ్గుతాంది" అన్నాడు. పక్కనున్న కొత్త మెకానిక్ నవ్వాడు. నేను నవ్వలేదు. గడిలో "దగ్గుతాంది" అని రాసి, "ఎండాకాలం దగ్గా, పొద్దుటి దగ్గా పెద్దాయనా?" అని అడిగాను. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పడం మొదలుపెట్టాడు.