రెక్కలకు పట్టించే పొడి

రెండేళ్ల కిందట ఒక బుధవారం, పొద్దున తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు తుడియలూరులో బస్సెక్కాను. ఒళ్లో కిలో పట్టే డబ్బా ఉంది. గాంధీపురంలో నా కోడలు కొబ్బరి చిప్పల పొగలో కాల్చిన కోడి రెక్కలు అమ్ముతుంది. వాటికి పట్టించే కారప్పొడి నాది. పొగకు చేదెక్కకూడదని ధనియాలు వేయించకుండానే దంచేదాన్ని. ఆర్నెల్లుగా కొలతలు మారుస్తూ వచ్చాను, ఆ రోజుకు కుదిరిందనుకున్నాను.

పక్కన కూర్చున్న నడివయసు ఆవిడకు వాసన తగిలింది. తమిళం మాట్లాడే ఊరైనా మన తెలుగే మాట్లాడింది.

"ఏం మసాలా అవ్వా? వాసన జోరుగా ఉండాది."

గర్వంగా ఆమె అరచేతిలో చిటికెడు పోశాను. నాలుక మీద వేసుకుని, వెంటనే కిటికీలోంచి ఉమ్మేసింది.

"ఇది మసాలా కాదు, ఉప్పు మూట! నీ నాలిక సచ్చిపొయ్యి శానా నాళ్లయ్యుండాది. ఇంట్లో ఎవురూ చెప్పలేదా?"

"నా కోడలు ప్రతిసారీ రుచి చూస్తాది. సూపర్ అంటాది."

"అంటాది. ముసలిదానికి ఏదో ఒక పని ఉండాల గదా!" అని నవ్వి, లేచి వేరే సీటుకు పోయింది.

కొట్టు దగ్గర డబ్బా ఇచ్చి, కోడలి ఎదురుగా నిలబడ్డాను. వేలితో అద్దుకుని నోట్లో పెట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. కష్టపడి మింగింది.

"సూపర్ అత్తా, ఈతూరి కరెక్టు," అని వెనక్కి తిరిగి చెంబెడు నీళ్లు తాగింది.

పోయినవి: ఆర్నెల్లలో దంచిన తొమ్మిది కిలోల పొడి, నా నాలుక, కోడలి మాట మీద నమ్మకం.