దొరసాని చెయ్యి

థార్న్‌కోట్ మేడ పై అంతస్తులో ఈ చివర నుంచి ఆ చివరి దాకా సాగిన లాంగ్ గ్యాలరీ అంటే మిగతా పనివాళ్లకు హడలు. ఒకవైపంతా కిటికీలు, మరోవైపంతా చచ్చిపోయిన దొరల పటాలు. ఊడ్చుకుంటూ అవతలి గోడ చేరేసరికి నడుం పడిపోయేది. థర్జాకు మాత్రం అది పుట్టిల్లు.

సీసం గనిలో కూలివాడి కూతురామె. గిన్నెలు తోమడానికి వచ్చి, ఏళ్ల తరబడి ఒక్కో మెట్టూ ఎక్కి పైకి చేరింది. తడి టీ ఆకు చల్లి దుమ్ము రేగకుండా ఊడవడం, ఎండ తిరిగినప్పుడల్లా పటాలు వెలిసిపోకుండా తెరలు దించడం ఆమె చేసినంత ఒద్దికగా ఎవరూ చేయలేరు. గుర్రాలశాల ఈనాక్ పెళ్లాడతానని చాలాకాలం వెంటపడ్డాడు. పెళ్లయిన ఆడదానికి మేడలో పని ఉండదు.

"నిన్ను కట్టుకుంటే గ్యాలరీ ఎవడు చూస్తాడయ్యా?" అంది థర్జా.

"అయితే ఆ గ్యాలరీనే కట్టుకో" అని ఈనాక్ టోపీ పెట్టుకుని వెళ్లి, పాలమ్మే పిల్లను చేసుకున్నాడు.

ఆమె అతనికి చెప్పని సంగతి ఒకటుంది. వాన పడి తోటలోకి వెళ్లే వీల్లేని రోజుల్లో పెద్ద దొరసాని లేడీ సిబిల్ గ్యాలరీలోనే నడిచేవారు. ఒక చేతిలో కర్ర, రెండో చెయ్యి థర్జా మోచేతి మీద. చూపు మందగించాక ప్రతి పటం ముందూ ఆగి, "ఇదెవరే?" అనేవారు. థర్జా పేరూ బిరుదూ చనిపోయిన సంవత్సరమూ చెప్పేది. దొరసాని తల పంకించి ముందుకు కదిలేవారు. ఆ కాసేపూ థర్జా పనిమనిషి కాదు. మరి ఎవరంటే ఆమే చెప్పలేకపోయేది.

ఆ ఏడు ఆకులు రాలే రోజుల్లో థర్జాకు రొంప పట్టి జ్వరమొచ్చింది. తుమ్మే మనిషిని దొరసాని పక్కకు పంపడం ఎందుకని, వేల్స్ నుంచి కొత్తగా పనికొచ్చిన ఓల్వెన్ అనే పిల్లను పంపారు. ఒళ్లు తేలికపడి థర్జా మేడ ఎక్కేసరికి, దొరసాని చెయ్యి ఓల్వెన్ మోచేతి మీద ఉంది.

"బయట ఏం కనిపిస్తోందే?" అంటున్నారు దొరసాని.

"నెమలి, అమ్మగారూ. చెట్టు కింద నిలబడి తడుస్తోంది. గుళ్లో అందరూ నిద్రపోతుంటే ప్రసంగం చెప్పే పాదిరీగారిలా మొహం పెట్టింది."

దొరసాని కిసుక్కున నవ్వారు. ఇన్నేళ్లలో ఆ నవ్వు థర్జా వినలేదు. తలుపు దగ్గరి నుంచే వెనక్కి తిరిగింది.

మర్నాడూ వానే. ఆ మర్నాడూ వానే. ఇన్నాళ్లూ వాన కోసం మొక్కుకున్న మనిషి, ఇప్పుడు మబ్బు కనిపిస్తే తిట్టిపోసేది.

"ఏమ్మా థర్జా, నీ సింహాసనం ఖాళీ లేదటగా?" అంది వంటావిడ మిసెస్ పెగ్.

"నాకు కాస్త తీరిక చిక్కింది, అంతే."

"అవునవును. అందుకేగా ఆ రొట్టెముక్కను అలా నలిపి చంపుతున్నావు!"

అప్పుడే ఓల్వెన్ వచ్చి పక్కన కూర్చుంది. "అక్కా, పటాల పేర్లు నీ దగ్గర నేర్చుకోమన్నారు అమ్మగారు. కాస్త చెప్పవూ?"

థర్జా ఆ పిల్ల మోచేతి వంక చూసింది. పుల్లలా ఉంది. దీంట్లో ఏముందని?

"పద, చెప్తా" అంది.

అన్నీ సరిగ్గానే చెప్పింది, రెండు తప్ప. గ్యాలరీ నడుమ పక్కపక్కన నల్లపట్టు కట్టిన ఇద్దరు ఆడవాళ్లున్నారు. ఒకరు దొరసాని అత్తగారు అరబెల్లా. ఆవిడ బతికుండగా ఆవిడ మాట లేనిదే పొయ్యిలో పొగ కూడా లేచేది కాదు. ఇప్పటికీ ఆ పటం ముందు దొరసాని గొంతు తగ్గించేవారు. రెండో ఆవిడ జెమైమా, సంగీతం మాస్టారితో లేచిపోయిన మనిషి. థర్జా ఈ పేరు అక్కడా, ఆ పేరు ఇక్కడా చెప్పింది. అత్తగారిని లేచిపోయిందన్న పిల్ల ఇక మూట సర్దుకోవాల్సిందే అనుకుంది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

మళ్లీ వాన పడినప్పుడు థర్జా గ్యాలరీలోని చలిమంట పొయ్యి ముందు కూర్చుని కమ్మీలకు నల్లరంగు పూస్తోంది. చెవులు మాత్రం వెనక్కే ఉన్నాయి.

"ఈవిడ జెమైమాగారు, అమ్మగారూ" అంటోంది ఓల్వెన్. "సంగీతం మాస్టారి కోసం కిటికీలోంచి దూకారట. ఆ బిగించిన మూతి చూస్తుంటే, ఇవాళ మళ్లీ దూకేలా ఉన్నారు."

దొరసాని ఆగిపోయారు. చెయ్యి చాచి పటం చట్రం అంచు తడిమారు.

"ఇది మా అత్తగారే" అన్నారు.

ఓల్వెన్ మొహంలో నెత్తురుచుక్క లేదు. దొరసాని భుజాలు వణికాయి. తీరా చూస్తే, అది నవ్వు. కిటికీ అరుగు మీద కూలబడి, కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నారు.

"నలభై ఏళ్లు ఈవిడ ముందు దగ్గాలన్నా భయపడ్డానే! సంగీతం మాస్టారితోనా! ఏదీ, మళ్లీ చెప్పు." కాస్త తేరుకున్నాక అడిగారు. "ఎవరు నేర్పారే నీకు?"

ఓల్వెన్ పొయ్యి వైపు ఒక్కసారి చూసింది. "నేనే తికమకపడ్డాను, అమ్మగారూ."

ఆ పిల్ల తన పేరు చెప్పి తిట్టించినా థర్జాకు అంత మంట పుట్టేది కాదు.

"మంచి పనే చేశావు. పాపం, థర్జా ఒక్క పేరూ తప్పేది కాదు. కానీ వింటుంటే సమాధుల మీద రాతలు చదువుతున్నట్టుండేది."

థర్జా అక్కడే ఉందని దొరసానికి తెలియదు. ఇద్దరూ లేచి, పొయ్యి పైనున్న పటం దగ్గరికొచ్చారు.

"ఈయనెవరే?"

ఓల్వెన్ నోరు తెరిచేలోపే థర్జా లేచి నిలబడింది. "సర్ గాడ్‌ఫ్రీ, అమ్మగారూ..." ఆయన చనిపోయిన సంవత్సరం నాలుక చివరికొచ్చింది. మింగేసింది. "ఈయనకు... గుర్రమంటే భయం. అందుకని... ఆవు మీద వేటకెళ్లేవారు."

దొరసాని గొంతు వచ్చిన వైపు తల తిప్పారు.

"ఎవరది?"

"థర్జాని, అమ్మగారూ."

"నాసిరకం కథ." దొరసాని ఒక అడుగు వేశారు. "ఆ ఆవుకు పేరుందా?"

"ఉందమ్మగారూ" అంది థర్జా, ఏం పేరు పెట్టాలో తోచక.

"అయితే నడుస్తూ చెప్పు."

థర్జా నల్లటి చేతులు తువ్వాలుకు తుడుచుకుని, ఒక అడుగు వెనగ్గా నడిచింది. ఆవు పేరు కోసం వెతుకుతూనే, ఓల్వెన్ మోచేతి మీదున్న ఆ ముడతల చెయ్యి మీంచి చూపు మాత్రం తిప్పలేదు.