మా అక్క అడిగిన తాళంచెవి

తిరుపతి బస్టాండు వెనక సందులో నలభై ఏళ్ళపాటు యాత్రికులకు గదులిచ్చిన మా అక్క మునిరత్నమ్మ ఇక లేదు. పోయిన శుక్రవారం తెల్లవారగానే లాడ్జిలో పనిచేసే కాసిం ఫోన్ చేశాడు. శ్రీకాళహస్తిలో మా ఇంట్లో నేను అప్పుడే పాలు పొయ్యి మీద పెట్టాను.

"చిన్నక్కా, పెద్దక్క లేయలా" అన్నాడు.

"లేయకుంటే లేపప్పా."

"ఎట్ల లేపేది? తలుపుకు లోపల గడి పెట్టుండాది."

ఆ మాటతో నాకు సర్వం అర్థమైంది. మా అక్క తన గది తలుపుకు గడి పెట్టగా ఎవరూ చూడలేదు. అంతటి మనిషి గడి పెట్టుకుని పడుకుందంటే, తెలిసే పెట్టుకుంది. ఏడాదిగా ఎదురుచూస్తున్న వార్తే అది. అయినా, పాలు పొంగి పొయ్యి ఆరిపోయిన సంగతి కూడా నాకు తెలియలేదు. నా బాల్యానికి సంరక్షకురాలు, నా వార్ధక్యానికి ఏకైక ఆలంబనం, చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయింది.

నివాళి రాసేటప్పుడు మనసు శాంతంగా ఉండాలంటారు. నా మనసు శాంతంగా లేదు. పరామర్శకు వచ్చినవాళ్ళలో సగం మంది దుఃఖించడానికి రాలేదు, తీర్పు చెప్పడానికి వచ్చారు. మా తమ్ముడు చెంగల్రాయుడైతే శవం ఇంకా లేవకముందే అందరి ముందూ అన్నాడు: "ఆ ఓడ ఎక్కకుండా మందులు తీసుకోనుంటే ఇంగా కొన్నాళ్ళు బతికుండేది. ఈయమ్మ కదా ఎగదోసింది!" ఈయమ్మ అంటే నేను. ఆ రోజు నాకు నోరు పెగల్లేదు. ఈ రోజు పెగిలింది. ఈ వ్యాసం ఆ మాటకు జవాబు కూడా.

అక్కకు చిన్న వయసులోనే భర్త పోయాడు. పిల్లలు లేరు. నాయన తను కట్టించిన లాడ్జిని ఆమె చేతిలో పెట్టి, "నీ బతుకు నువ్వు బతుకమ్మా" అన్నాడు. ఆనాటి నుంచి కౌంటరు వెనక ఉన్న ఇరుకు గదే ఆమె ఇల్లు. అందులో ఒక మంచం, ఒక బీరువా, గోడకు దేవుడి పటం ఉండేవి. కిటికీ లేదు. ఆ తలుపును ఎవరైనా ఎప్పుడైనా తట్టవచ్చు. వేడినీళ్ళు రావడం లేదని ఒకరు, కొండ బస్సు ఎప్పుడని ఒకరు, పిల్లవాడు కనబడటం లేదని ఏడుస్తూ ఇంకొకరు. ఒకసారి పక్క వీధి లాడ్జిలో దిగినవాళ్ళు కూడా వచ్చి తట్టారు. వాళ్ళకీ లేచి దారి చూపించింది. గడి పెట్టుకుని పడుకోరాదా అక్కా అంటే, "వాళ్ళు దేవుణ్ణి సూసేదానికి వచ్చినోళ్ళే. ముందు నా మొకమే కదా సూసేది. తలుపు మూసి పెడితే ఏం బాగుంటాది?" అనేది.

సౌమ్యురాలని మాత్రం ఎవరూ పొరబడవద్దు. కాసిం ఆమె దగ్గర చేరిన కొత్తలో, పట్టుపంచె కట్టుకున్న ఒక పెద్దమనిషి అతని చేతి నుంచి తాళంచెవి తీసుకోవడానికి మొహం చిట్లించాడు. పుణ్యక్షేత్రంలో ఇదేం పద్ధతి, మీరే ఇవ్వండి అని అక్కను అడిగాడు. అక్క కుర్చీలోంచి లేవలేదు. "తాళంచెవి ఆయప్ప చేతిలోనే ఉంటాది సామీ. కావాలంటే తీసుకో. వద్దంటే బయట మెట్లుండాయి, రొంతసేపు కూర్చోని ఆలోచన చెయ్యి" అన్నది. ఆ పెద్దమనిషి మెట్ల మీద చాలాసేపే కూర్చుని, చివరికి లోపలికి వచ్చి కాసిం ముందు చెయ్యి చాచాడు. అక్క ఆ మీదట ఆ సంగతి ఎత్తలేదు. కాసిం మాత్రం నేటికీ చెబుతాడు.

ఓడ మాట ఆమె చెవిన వేసింది నాయుడుపేటకు చెందిన ఒక మెరైన్ ఇంజనీరు. ఏటా దర్శనానికి వచ్చి మా లాడ్జిలోనే దిగేవాడు. మంచుసముద్రాల్లోకి యాత్రికులను తీసుకుపోయే ఓడలో పని. గ్రీన్లాండు తూర్పు ఒడ్డున ఒక చిన్న రేవు ఉందనీ, ఏడాదిలో ఎక్కువ నెలలు సముద్రం గడ్డకట్టి ఏ ఓడా చేరలేదనీ, అక్కడ కూడా ఒక లాడ్జి ఉందనీ చెప్పాడు. అందరూ మంచును గురించి, ఎలుగుబంట్లను గురించి అడిగారు. అక్క అడిగింది ఒక్కటే: "అయితే మిగతా నెలల్లో ఆ లాడ్జోళ్ళు ఏం చేస్తారప్పా?" ఆయన నవ్వేసి ఊరుకున్నాడు. మరుసటి ఏడు వచ్చినప్పుడు మళ్ళీ అదే అడిగింది. మా ఊరికి సెలవు లేదు. జనం రాని రోజంటూ ఒకటి ఉంటుందన్న ఊహే ఆమెకు వింత. "నా బతుకంతా తాళంచెవులు ఇచ్చినా శాంతా. యాడికన్నా పొయ్యి ఒగ తాళంచెవి అడగాలని ఉండాదే" అని నాతో అన్నది అప్పుడే. నేను వేళాకోళం అనుకున్నాను.

తర్వాత రొమ్ములో గడ్డ బయటపడింది. మందు ఎక్కిస్తే జుట్టు రాలిపోతుందని డాక్టరు చెప్పాడు. మర్నాడే కొండెక్కి కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి వచ్చింది. నేను గుమ్మంలో ఆమెను చూసి ఏడుపు ఆపుకోలేకపోయాను. "ఏలనే ఏడుస్తావు? రాలిపోయేదాన్ని ఇస్తే అది ఇచ్చినట్టా? నాది నాకాడ ఉండంగానే ఇచ్చినా. రోగానికి ఒక్క వెంట్రుక కూడా మిగల్చలా" అన్నది. ఇంతకంటే ధీరోదాత్తమైన వాక్యాన్ని నా జన్మలో నేను వినలేదు.

ఈ ఊళ్ళో గుండును ఎవరూ రెండోసారి చూడరు. ప్రపంచం మొత్తంమీద గుండుతో ఉన్న ఆడమనిషిని 'ఏమైంది?' అని అడగని ఊరు ఇదొక్కటేనేమో. ఆ సదుపాయాన్ని మా అక్క పూర్తిగా వాడుకుంది. ఏమి మొక్కు అక్కా అని కాసిం అడిగితే, "తీరినాక చెప్తా" అని నవ్వింది. చికిత్స జరిగినన్నాళ్ళూ కౌంటరులోనే కూర్చుంది. చెంగల్రాయుడు వారానికోసారి వచ్చి ఎదురుగా కూర్చుని కాఫీ తాగిపోయేవాడు. వాడికీ అప్పట్లో తెలియలేదు.

జుట్టు మళ్ళీ మొలవకముందే జబ్బు తిరగబెట్టింది. మళ్ళీ మందు ఎక్కిస్తే కొన్ని నెలలు కలిసిరావచ్చన్నాడు డాక్టరు. "ఆ నెలల్లో నేను ఓడెక్కగలనా?" అని అడిగింది. కష్టమన్నాడు. "ఇప్పుడైతే?" ఇప్పుడైతే ఫరవాలేదన్నాడు. ప్రయాణానికి తగునని కాగితం రాసిచ్చేదాకా అక్క ఆయన గది ముందు బెంచీ మీద నుంచి లేవలేదు. పూతలపట్టు కూడలి దగ్గర నాయన తన పేరున రాసిన స్థలం ఓడ ఖర్చుకు అమ్మేసింది. చెంగల్రాయుడికి అసలు బాధ ఆ స్థలమే. ఈ మాట అచ్చులో చూసి వాడు నాతో మాట్లాడటం మానేస్తే మానేయనీ.

అక్కకు నేనే తోడు. చరిత్ర అధ్యాపకురాలిగా కళాశాలలో పాఠాలు చెప్పిన నాకే ఆ ఓడ మీద భయం వేసింది కానీ, ఆమెకు వేయలేదు. ఆమెకు కోపం తెప్పించింది జాలి. మంకీ క్యాప్ తీసి భోజనాల గదిలో కూర్చోగానే చుట్టూ ఉన్న తెల్లవాళ్ళంతా మెత్తబడిపోయేవారు. భుజం నిమిరేవారు, కూర్చోమని కుర్చీ లాగేవారు. లాడ్జిలో నేర్చిన ఇంగ్లీషుతో ఆమె అందరికీ ఒకటే చెప్పింది: "గాడ్. హెయిర్. ఐ గివ్." చెప్పి, నా వైపు తిరిగి, "వీళ్ళకు గుండంటే రోగమేనా ఏమి? ఒగసారి మన ఊరికి రమ్మను" అనేది. వాళ్ళు నమ్మారో లేదో తెలియదు కానీ కుర్చీ లాగడం మాత్రం మానేశారు.

ఆ రేవు ఊరి పేరు పలకడం మా ఇద్దరికీ చివరిదాకా రాలేదు. కొండవాలు మీద రంగురంగుల చెక్క ఇళ్ళు, గొలుసులకు కట్టిన కుక్కల మొరుగుడు, నీళ్ళ మీద తేలే మంచుదిబ్బలు. ఓడ ఒడ్డుదాకా పోదు, రబ్బరు పడవలో దిగాలి. ఆ ఉదయం అలలు ఎక్కువగా ఉన్నాయి. దిగేవాళ్ళను పంపిస్తున్న అమ్మాయి అక్కను చూసి, మీరు డెక్ మీద నుంచి చూస్తే మంచిది, పడవలోకి అడుగు వేయడం ప్రమాదం అన్నది. మర్యాదగానే అన్నది. నేను తెలుగులో చెప్పాను.

"అల తగ్గినాక పంపిస్తుందేమో అడుగు" అన్నది అక్క.

తగ్గితే ఆఖరి పడవలో చూద్దాం, కానీ ఎంతసేపు పడుతుందో చెప్పలేను, గదిలో విశ్రాంతి తీసుకోండి అన్నది ఆ అమ్మాయి.

అక్క అక్కడే మెట్ల పక్కన చతికిలబడింది. "క్యూలో కూర్చునేది నాకు నేర్పియ్యొద్దని చెప్పు. మాది తిరుపతి" అన్నది. ఈ మాటను నేను ఇంగ్లీషులోకి మార్చలేకపోయాను. మధ్యాహ్నందాకా అక్కడే కూర్చుంది. భోజనానికీ లేవలేదు. అలలు తగ్గాయి. నావికుడు మోచేతి దాకా చేయి పట్టుకుంటే, ఆఖరి పడవలోకి ఒకే అడుగు వేసి దిగింది.

మాతో దిగినవాళ్ళు కెమెరాలు పట్టుకుని చర్చి వైపు, మ్యూజియం వైపు పోయారు. అక్క గైడును అడిగింది: "లాడ్జి యాడ?" అతను మూడుసార్లు అడిగించుకుని, ఒక నీలం ఇల్లు చూపించి, గంటలో రేవులో ఉండాలని హెచ్చరించాడు.

తలుపు తీసింది మా ఈడుదే, రెండు జడల మనిషి. లోపల వెచ్చగా ఉంది. అక్క టోపీ తీసేసింది. ఆవిడ ఆ తల చూసి, భుజం నిమరలేదు, కుర్చీ లాగలేదు. ఇంగ్లీషులో తిన్నగా అడిగేసింది: "జబ్బా?"

"గాడ్" అంటుందని నేను ఎదురుచూశాను. అక్క ఆవిడ కళ్ళలోకి చూసి "అవును" అన్నది. ఆ మాట ఆమె నోట వినడం నాకు అదే మొదలు, అదే కడ.

తర్వాత తన ప్రశ్న అడిగించింది. ఓడలు రాని నెలల్లో ఏం చేస్తారు? ఆవిడ నవ్వి, వేటకు పోతాం, పెళ్ళిళ్ళు చేసుకుంటాం, పోట్లాడుకుంటాం, బాగా నిద్రపోతాం అని చెప్పింది. నిద్ర దగ్గరకు వచ్చేసరికి అక్క నన్ను మళ్ళీ చెప్పమన్నది. చెప్పాను. అప్పుడు చెయ్యి చాచి, "ఒగ రూము తాళంచెవి ఇయ్యమను" అన్నది.

మా ఊళ్ళో తాళాలు వేసుకోరే అని ఆవిడ తడబడింది. సొరుగులన్నీ వెతికి, ఎప్పటిదో ఒక పాత తాళంచెవి తెచ్చి, రెండు చేతులతో అక్కకు అందించింది. అక్క గదిలోకి పోయి, అలవాటు కొద్దీ పరుపును అరచేత్తో నొక్కి చూసి, తలుపు వేసుకుంది. లోపల తాళం తిరిగిన చప్పుడు వినబడింది. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. కాసేపటికి గైడు పరుగున వచ్చి, పడవ పోతుంది, లేపమని తలుపు మీదికి చెయ్యి ఎత్తాడు. ఆ చెయ్యి పట్టుకుని ఆపింది నేనే. "ఆమెంతట ఆమె లేస్తుంది" అన్నాను. లేచింది. తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టింది. పడవ కదిలాక, "రూము బాగుండిందా అక్కా?" అని అడిగాను.

"కిటికీ ఉండాది" అన్నది. ఒడ్డు దూరమవుతుంటే చూస్తూ, "ఎవురూ తలుపు తట్టలా" అన్నది.

భూమి కొసకు పోయి నిద్రపోయి వచ్చిందా అని మా బంధువులు పడి పడి నవ్వారు. అవును, నిద్రపోయి వచ్చింది. నలభై ఏళ్ళలో ఆమె తనకంటూ అడిగి తీసుకున్నది ఆ ఒక్క నిద్రే. ఓడ ఎక్కకుంటే ఇంకొన్నాళ్ళు బతికేది, ఒప్పుకుంటాను. మీరు ఆ కొన్నాళ్ళూ ఆమె తలుపు తడుతూనే ఉండేవాళ్ళు. అంతా తెలిసే ఆమె తన రోజులను తానే ఖర్చుపెట్టుకుంది. ఆమెను ఎగదోసింది నేనేనంటే, ఆ నింద నాకు కిరీటం. పెట్టండి.

శుక్రవారం ఆ గడిని గడ్డపారతో పగలగొట్టాల్సి వచ్చింది. గడి పెట్టకుండా ఉంటే సమయానికి ఆస్పత్రికి చేర్చి ఉందుమని చెంగల్రాయుడు ఇప్పటికీ అంటున్నాడు. అందుకే పెట్టుకుందిరా తమ్ముడూ. దానికి కూడా మీ అనుమతి అడగలేదు.

నిన్న వడ్రంగి వచ్చి తలుపు బాగుచేశాడు. కౌంటరు గదికి గడి ఎందుకమ్మా, తీసేస్తానన్నాడు. పాతదానికంటే గట్టిది, లోపలి వైపు బిగించమని చెప్పాను. కాసిం పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. ఎక్కడికైనా పోయి ఒక తాళంచెవి అడగడమే ఆమె మొక్కని అతనికి మొన్ననే చెప్పాను.

ఈ వీధిలో గుండుతో ఎదురయ్యే ప్రతి స్త్రీని ఇప్పుడు నేను ఆగి చూస్తున్నాను. ఇది మొక్కేనా, లేక ఇంకో మునిరత్నమ్మా? ఎవరినీ అడగను. అటువంటి ధీర ఈ సందులో మళ్ళీ పుడుతుందన్న ఆశ నాకు లేదు. ఆమె ఖాళీ చేసిన స్థానం పూడ్చడానికి నా శక్తి చాలదు. ఆమె కుర్చీలో కూర్చుని తాళంచెవులు ఇవ్వడం మాత్రం నేర్చుకుంటున్నాను.

అక్కా, నువ్వు నిద్రపో. ఎవరైనా తలుపు తడితే నేను పలుకుతాను.