అడిగొచ్చి కొడతానన్న కౌజు పిట్టలు

మా ఆయనకి ఒక ఎయిర్‌గన్ ఉండేది. దాంతో ఆయన కొట్టినవల్లా మా పెరట్లో జామకాయలే. అయినా నేను ఫోన్లో మా వదిన దగ్గర కోతలు కోసేశాను. "మా ఆయన వేటకెళ్తే ఉత్త చేతుల్తో రారు. శివరాత్రి వెళ్ళాక రండి, కౌజు పిట్టల వేపుడు పెడతాను" అని. వదినది రాజమండ్రి. ఆవిడ లెక్కలో మేం పల్లెటూరి బైతులం. "ఆహా, చూద్దాం" అంది. ఆ "చూద్దాం"కి నాకు ఒళ్ళు మండింది. వేపుడు పెట్టలేకపోతే ఈ జన్మకి ఆవిడ నోరు మూయించలేను.

పిట్టలు రావాలంటే దాక్కోడానికి పచ్చటి పైరుండాలి. ఆ ఏడు దాళ్వాకి, అదే రెండో పంటకి, కాలవ నీళ్ళు రావన్నారు, కోతలయ్యాయంటే చేలన్నీ ఖాళీ. మాకేమో సెంటు భూమి లేదు. అడక్కుండా ఒకరి గట్టు తొక్కితే కళ్ళు పోతాయన్నంత భయం మా ఆయనకి. కాలవ అవతల చేనున్న పెద్దాయన దగ్గరికెళ్ళి, పిట్టల కోసం మీ చేలో ఏదైనా పైరు వేసుకోవచ్చా అని చేతులు నలుపుకుంటూ అడిగారు.

"ఆయ్, దానికేం భాగ్యమండీ! కోతకి ముందే వరిలో పిల్లిపెసర చల్లుకోండి. పిట్టలు మీకు. పూతలో దున్నేస్తే నేలకి బలం, అది నాకు. వచ్చినప్పుడల్లా ఓ మాట చెప్పి చేలోకి దిగండి, అంతే" అన్నాడాయన.

విత్తనాలు మేమే కొన్నాం. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి మా ఆయనే చల్లారు. పైరు లేచింది, పిట్టలొచ్చాయి. పొద్దున్నే వాటి కూత కాలవ ఇవతలికి కూడా వినబడేది. నేను మసాలా నూరి పెట్టాను.

ఆదివారం తెల్లవారుతూనే ఓ మాట చెప్పడానికి వెళ్ళిన మనిషి మిట్టమధ్యాహ్నం తేన్చుకుంటూ వచ్చారు.

"పిట్టలేవండీ?"

"కాఫీ తాగమన్నారే. తాగుతుంటే పెసరట్టు వేశారు. తిని లేవబోతే, ఖాళీ కడుపుతో ఎలా పంపిస్తామని భోజనం పెట్టారు."

"ఖాళీ కడుపా? మీదా?"

"కాదంటే బాధపడతారే!"

పై ఆదివారం పనసపొట్టు కూర. ఆ పై ఆదివారం పులిహోర. మనిషి ఒళ్ళు చేశారు గానీ ఒక్క గుండు పేలలేదు.

పైరు పూతకొచ్చింది. సరిగ్గా ఆ ఆదివారమే మా అన్నయ్యా వదినా దిగుతున్నారు. ఇక లాభం లేదని నేనే ఆయన వెంట బయల్దేరాను. వాకిట్లోనే నిలబడి, "ఏమీ వద్దండీ, ఇవాళ నాకు ఉపవాసం" అన్నాను గట్టిగా.

ఆ ఇంటావిడ బుగ్గలు నొక్కుకుంది. "అయ్యో తల్లీ! అయితే పాలూ పళ్ళూ తీసుకో" అని చెయ్యి పట్టుకుని పీట మీద కూలేసింది. నేను అరటిపండు వలుస్తుండగా మా ఆయన ముందుకి గారెలొచ్చాయి. ఆ వాసనకి నా ఉపవాసం కాస్తా గాల్లో కలిసిపోయింది. సిగ్గులేదు నాకు.

మా ఇంటికి తాళం చూసి, పక్కింటివాళ్ళనడిగి అన్నయ్యా వదినా అక్కడికే వచ్చేశారు. వాళ్ళకీ ఆకులేశారు. "ఏంటి, పిట్టలేవీ?" అంది వదిన, గారె తుంచుకుంటూ. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చింది.

అంతలో చేలో ట్రాక్టరు చప్పుడు. డ్రైవరు ఇవాళే ఖాళీ అన్నాడట. చూస్తుండగానే పిల్లిపెసరలోంచి పిట్టలన్నీ బుర్రుమని లేచాయి.

"కొట్టండి! కొట్టండీ!" అని అరిచాను.

మా ఆయన ఎంగిలి చెయ్యి పైకెత్తి నిలబడ్డారు. "ఎలాగే? ఇవాళ ఇంకా అడగలేదుగా!"

పెద్దాయన నోటినిండా గారెతో, "అడగండి మరి" అన్నాడు.

మా ఆయన చెయ్యి కడుక్కుని, గొంతు సవరించుకుని అడిగేలోపు పిట్టలు పక్క చేలో జనుములోకి దిగిపోయాయి. నాకు తలెత్తి వదిన మొహం చూసే ధైర్యం లేదు.

"ఆ చేను ఎవరిదండీ?" అంది వదిన.

"మా తమ్ముడిదేనమ్మా."

వదిన ఇంకో రెండు గారెలు వేయించుకుని మా ఆయనవైపు తిరిగింది. "వచ్చే ఆదివారం దాకా ఉంటాం అన్నయ్యగారూ. వాళ్ళనీ అడుగుదాం."